బంతి భోజనంలో అన్న మాట

హలో… ఆ, నేనే. చలపతినేనండి. చెప్పండి ప్రకాశంగారూ.

…

బానే ఉన్నాను. మీ మోకాలెలా ఉంది? … కుట్లిప్పేశారా. … నడవమన్నారా. నడవండి మరి. సామర్లకోట స్టేషను దాకా కాదు, వరండాలో నడవండి.

…

లేదండి. నిన్న ఆ కామెడీ షో చూళ్ళేదు.

…

ఏం లేదు, చూళ్ళేదంతే. … ఒంట్లో బానే ఉంది. … టీవీ కూడా బానే ఉంది. మా మనవరాలు శృతి పెట్టింది కూడాను. "తాతా, మీ ఫణీంద్ర వచ్చాడు" అని పిలిచింది. నేనే పెరట్లోకెళ్ళి కూచున్నాను.

…

మళ్ళీ చీరేనా? … ఆ పిన్నిగారి వేషమే. … జడ్జీగారు కుర్చీలోంచి జారిపోయి నవ్వాడా. ఆయన పనదే కదండీ.

…

అదే నేనూ అనేది. రెండేళ్ళ నించీ అంటున్నాను. శృతి చేత ఆ వీడియోల కింద రాయించాను కూడా, "బాబూ, టీవీ మానెయ్, స్టేజీ ఎక్కు" అని. ఒక్కడూ నిలబడి, చేతిలో మైకూ, పక్కన మంచినీళ్ళ సీసా, గంటన్నరసేపు నవ్వించాడు రాజమండ్రి హాల్లో. అప్పటికి మీరెవరో నేనెవరో. పక్కపక్క కుర్చీలు. ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నవ్వేం.

…

ఆ, పనసకాయ కథ. ముసలమ్మ బస్సాపి పనసకాయెక్కించి, దానిక్కూడా సీటిమ్మని కండక్టర్తో దెబ్బలాడ్డం. … అవునండి, ఆ కండక్టరు మీరేనని, అది మీ బస్సులో జరిగిందేనని ఆ రోజే చెప్పారు. … అలాంటోడు టీవీలో చీర కట్టుకుని తన్నులు తినడమేంటని నా బాధ. మీరేమో డబ్బుకోసం అంటారు. నేనేమో మొహం నలుగురికీ తెలవాలని ఆశంటాను.

…

పెళ్ళా. … అయిందండి, శుక్రవారం. బానే అయింది. … ఆయ్, మా తమ్ముడి మనవరాలు మంజుషదే. పెళ్ళికొడుకు శశిభూషణూ ఫణీంద్రా ఒకే కాలేజీ.

…

వచ్చాడు.

…

ఆ. ఫణీంద్రే. వచ్చాడండి.

…

మాట్లాడాను. … మాట్లాడానండి, కానీ… మీరు చెప్పమన్న మాట చెప్పలేదు.

…

మర్చిపోలేదు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మీ ఆవిడ తబితమ్మగారు పోయాక ఏడాది పాటు నవ్వని మనిషి, మొదట నవ్వింది నీ దగ్గరే బాబూ అని చెప్పమన్నారు. పొద్దున్నించీ మనసులో అనుకుంటూనే తిరిగాను.

…

తీరిక లేక కాదండి. … కాస్త ఆగండి, చెబుతాను. నాకు గబగబా రాదు, మీకు తెలుసు కదా.

…

పెద్దవాళ్ళకి బంతి భోజనాలే పెట్టాలని మా తమ్ముడు పట్టుబట్టాడు. అరిటాకులేసి. వడ్డన నాది. ఏ పెళ్ళయినా వడ్డన నాదే, పెనుగొండలో ఎవర్నడిగినా చెబుతారు. కుర్రాళ్ళందరూ బఫే దగ్గరికి పోయారు. ఈ అబ్బాయి మాత్రం "నాకు ఆకులోనే కావాలండి" అని మా ముసలాళ్ళ బంతిలో కూచున్నాడు.

…

సన్నగా ఉన్నాడండి. టీవీలో లావు కనిపిస్తాడు. మామూలు చొక్కా. పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నాడు. ఎడంచేతి పక్కన ఏదో కాయితం పెట్టుకున్నాడు, మడతలది. ముద్ద నోట్లో పెట్టుకోడం, కాయితం చూడ్డం. ముద్ద, కాయితం.

…

నేను బూరెల పళ్ళెంతో వెళ్ళాను. బూరె వేశాను. వేలితో చిల్లెట్టి నెయ్యి పోశాను. అప్పుడు చెబుదామనుకున్నానండి మీ మాట. వంగాను కూడా. … వంగితే పక్కన మా బావ, ఆ పక్కన వియ్యపురాలు శ్యామలాంబగారు, అందరూ ఇటే చూస్తున్నారు. టీవీలో వచ్చే మనిషి కదా. నోటంట ఇంకోటొచ్చింది.

…

"పమిట జారుతుందమ్మా పిన్నిగారూ, సర్దుకుని తినండి" అన్నాను.

…

ప్రకాశంగారూ.

…

మీరు నవ్వుతున్నారా?

…

నవ్వకండి. … లేదులెండి, మీ తప్పు కాదు. వాళ్ళూ అలాగే నవ్వారు. బంతి బంతంతా. శ్యామలాంబగారికి పొలమారింది. … ఆ అబ్బాయి కూడా నవ్వాడు. తలొంచుకుని. "బావుందండి" అన్నాడు.

…

అక్కడితో ఆగితే ఈ ఫోన్లో మీకింత చెప్పే పనే లేదు.

…

ఎందుకాగలేదంటే… నాకు బావుందండి. అబద్ధమెందుకు. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, నా మాటకి అంతమంది నవ్వడం ఎప్పుడూ లేదు. వెనక బంతిలోవాళ్ళు కూడా "ఏమన్నాడు, ఏమన్నాడు" అని మెడలు సాచారు. అందుకని రెండోది అన్నాను. "నవ్వడానికి ఇక్కడ జడ్జీల్లేరు బాబూ, మేమే ఉన్నాం, సర్దుకో" అన్నాను. దానికీ నవ్వారు. వీడియో తీసే కుర్రాడు కెమెరా ఇటు తిప్పాడు.

…

తిప్పాక ఇంక మనిషిని కానండి నేను. ఆ కాయితం కనపడింది. దాన్ని పట్టుకుని పైకెత్తాను. ఎత్తి, "అన్నం తినడానిక్కూడా రాసిచ్చారా నీకు? రాసివ్వకపోతే నోరు పెగల్దా?" అన్నాను.

…

నవ్వారు. దానికే ఎక్కువ నవ్వారు.

…

అతను నవ్వలేదు.

…

చెయ్యి చాపాడు. కాయితం ఇచ్చేశాను. జేబులో పెట్టుకున్నాడు. బూరె అలాగే ఉంది, నెయ్యి కారుతుంది. ఆకు మడిచాడు. తనవైపుకే మడిచాడండి, మర్యాదగా, భోజనం బావుంటే మడిచినట్టు. "వస్తానండి" అని నాకు దణ్ణం పెట్టాడు.

…

ఆ, దణ్ణం పెట్టాడు.

…

విస్తరి ముందు నించి మనిషిని లేపేశాను ప్రకాశంగారూ. వడ్డించే చేత్తోటి.

…

లేదు, అప్పటికింకా నాకేం తెలీలేదు. బిడియపడ్డాడేమో అనుకున్నాను. చేతులు కడుక్కుని వస్తాడులే అనుకుని బూరెలు వేసుకుంటూ పోయాను. జనం "ఇంకోటి చెప్పు చలపతీ" అంటున్నారు. … చెప్పాను కూడా. అతను లేకపోయినా.

…

శశిభూషణ్ వచ్చాడు, పెళ్ళిబట్టల్లోనే. "తాతగారూ, ఫణి ఏడండీ? వాడిప్పుడు మాట్లాడాలి" అన్నాడు. ఎక్కడ మాట్లాడాలయ్యా అన్నాను. "ఇక్కడే, మనవాళ్ళ ముందు, అయిదు నిమిషాలు" అన్నాడు.

…

అదేనండి. మీరూ నేనూ రెండేళ్ళ నించీ ఏదైతే కోరుకుంటున్నామో అదే. మైకు పట్టుకుని, ఒక్కడూ, సొంత మాటలు.

…

ఆ కాయితం టీవీవాళ్ళది కాదండి. అతనే రాసుకున్నాడు. చేతిరాత. ఎత్తినప్పుడు చూశాను కూడా. నా చదువు అంతంతమాత్రమాయె, అయిదో తరగతి. గబుక్కున చదవలేను. చదవగలిగితే మొదటి ముక్కయినా తెలిసేది.

…

స్టేజీ ఎందుకు మానేశాడంటే… మీరనుకున్నది కాదు, నేననుకున్నదీ కాదు. శశిభూషణ్ చెప్పాడు. రెండేళ్ళ క్రితం కాకినాడలో, ఆట సగంలో మాటాగిపోయిందట. ఏం చెప్పాలో మొత్తం పోయింది. నాలుగు నిమిషాలు అలాగే నిలబడ్డాడట. జనం అదీ ఆటలో భాగమే అనుకుని నవ్వుతున్నారట. … ఆ, నవ్వుతున్నారు. వీడు నిలబడి ఉన్నాడు. ఆ మర్నాటి నించీ మైకు చూస్తే వెనక్కి తగ్గిపోతాడట. టీవీలో అయితే తప్పొస్తే మళ్ళీ తీస్తారు, పక్కన నలుగురుంటారు, చీర కట్టుకుంటే మొహం అతనిది కాదు. అందుకెళ్ళాడు.

…

మీరు కూడా అనకండి, "మనకేం తెలుసు" అని. తెలీకపోతే ఊరుకోవాలి. మనం ఊరుకోలేదు. ఆదివారం ఆదివారం వాణ్ణి కూచోబెట్టి తీర్పులు చెప్పాం.

…

సరే, మీరు చెప్పలేదు. నేనే చెప్పాను.

…

పెళ్ళిలో మొదలెడతానని స్నేహితుడికి మాటిచ్చాడట. అందరూ మనవాళ్ళే, వెటకారాలాడినా ప్రేమగానే ఆడతారు, భయం లేదు అని శశిభూషణే ధైర్యం చెప్పి ఒప్పించాడు. … అవును. మనవాళ్ళే.

…

కారెక్కి వెళ్ళిపోయాడు. మైకు అక్కడే ఉంది. తర్వాత దాంట్లో ఎవరో ఐసుక్రీము అయిపోతుందని చెప్పారు.

…

ఇంకోటుంది. ఆ వీడియో మా వాళ్ళ గ్రూపులో పెట్టారు. పొద్దున్నించీ ఫోన్లు. "చలపతి బాబాయ్, నువ్వే టీవీలోకెళ్ళాలి" అని. మా బావయితే మనవడి చేత పదిమందికి పంపించాడు. శృతీ చూసింది. కాఫీ ఇచ్చింది, వెళ్ళిపోయింది. ఎప్పుడూ పక్కన కూచుంటుందండి.

…

వద్దు. మీకు పంపను. … ఎవరైనా పంపినా చూడొద్దు. నాకోసం.

…

ఫోను చేశాను. శశిభూషణ్ దగ్గర నెంబరు తీసుకుని నిన్న చేశాను. "హలో, ఎవరండీ" అన్నాడు. మంచి గొంతు. నేను… కట్ చేశాను.

…

తెలుసండి. అది ఇంకా సిగ్గుచేటు.

…

తణుకులో వాళ్ళమ్మగారి దగ్గరున్నాడు. రేపు పొద్దున్న షూటింగుకి వెళ్ళిపోతాడట. ఇవాళే వెళ్ళాలి. ఆటో చెప్పాను.

…

మీరు ముందు ఫోన్ చేసి చెబుతారా? వద్దండి. … వద్దు, వినండి. మీరు చెబితే నేను వెళ్ళేసరికి గుమ్మంలోకొచ్చి "పర్లేదండి, పెద్దవారు" అనేస్తాడు. మర్యాదస్తుడు. కాఫీ కూడా ఇస్తారు వాళ్ళమ్మగారు. అనిపించుకోడానికి కాదు నేనెళ్ళేది.

…

ఏం చెబుతానో నాకూ తెలీదు. … ఇప్పుడా? మీకా? … సరే. వినండి. "బాబూ ఫణీంద్రా, మొన్న పెళ్ళిలో…"

…

ఆగండి. … "బాబూ, నేను నీకు వడ్డించినవాణ్ణి. నువ్వేం తప్పు…"

…

…

ఉన్నారా?

…

రావట్లేదండి. … కాదు, ఏడవట్లేదు. మాట రావట్లేదు. మీ ఒక్కరి ముందే రావట్లేదు.

…

కాయితం మీద రాసుకోమంటారా. … శృతి చేతా? … దాన్నెలా అడగను.

…

ఆ. అడుగుతాను. అడగాలి లెండి. ముందు దానికి చెప్పాలి జరిగింది జరిగినట్టు. దానికి వీడియో తెలుసు గానీ ఆ కాయితం సంగతి తెలీదు. చెప్పి, రాయించుకుని, అతని ముందు చూసి చదువుతాను. చదవడం నెమ్మదవుద్ది. అవనీండి. వాళ్ళమ్మగారు కూడా వింటారు. వినాలి.

…

మీ మాటా? … ఇవాళ వద్దు ప్రకాశంగారూ. ఆ మంచి మాట నా నోటంట వెళ్ళకూడదు. మోకాలు నయమయ్యాక మీరే వెళ్ళి చెప్పండి.

…

ఆటో హారనండి. … లేదు, ఫోను తీసుకెళ్ళను. ఉంటే దారిలో మీకు చేస్తాను. మీరు మంచోరు, "పోనీ లెండి, వెనక్కి రండి" అంటారు. … అనరా. నేనే అనిపించుకుంటాను.

…

ఆ. ఇక్కడ బల్ల మీద పెట్టేస్తున్నాను. … అమ్మా శృతీ, ఓసారిలా రా. ఓ కాయితం, పెన్నూ తీసుకురా. … నీతో చెప్పాల్సింది ఒకటుంది, కూచో.

ఉంటానండి.