ఎర్రబట్టలు కట్టిన కేకులు

మలేషియాలోని పెనాంగ్‌లో చైనా కొత్త సంవత్సరం వారంలోకి వచ్చేసింది. కేకుల కొట్టు ఆంటీ తన వెబ్ పేజీలు చూసి మండిపడుతుంటే, వాటిని తయారుచేసిన కుర్రాడు గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు.

"తెలుపూ నీలమూనా! మాకవి చావు రంగులు కదరా! పండగ కేకులు అమ్ముతున్నానా, శవాన్ని సాగనంపుతున్నానా? ఒక్కడైనా కొంటాడా?"

"శుభ్రంగా కనిపిస్తుందనుకున్నా ఆంటీ."

"రెండొందల పేజీలు! ఎప్పటికి మారుస్తావు, వచ్చే పండక్కా?"

"మీ టీ చల్లారేలోగా. పేర్లూ ధరలూ ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉన్నాయి, దాని జోలికి పోను. వాటికి బట్టలు కట్టి పేజీలుగా నిలబెట్టేది ఈ స్టైల్‌షీటు. ఇందులో ఒక్క రంగు మారిస్తే... ఇదిగో, చూడండి."

"అమ్మ బాబోయ్, అన్నీ ఎర్రబడ్డాయి! అనాస కేకు పెళ్లికూతురిలా ఉందిరా!"

అతనికి ప్రాణం లేచొచ్చింది.

"మీ తోడికోడలి కేకుల కొట్టు పేజీలకీ తెలుపే వేశాను ఆంటీ. అవీ ఇప్పుడే..."

"ఆగరా! ముందీ కేకు తిను. నెమ్మదిగా తిను. అవి పండగయ్యాక మారుద్దువుగాని."