చెవి మేస్త్రి

ఆ ట్రే ఇటు తోయకు నాన్నా! ఆయిల్ దింపేదీ లేదు, గేర్‌బాక్స్ విప్పేదీ లేదు. ఎన్నిసార్లు చెప్పాలి? ఇదిగో, మళ్ళీ తోశావు. నేనూ వెనక్కి తోస్తున్నా, చూసుకో. నీకు కాళ్ళుంటే నాకు చేతులున్నాయి.

పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, చెవిటివాడి ముందు శంఖం... ఛ! పాడు నోరు.

నీకు వినపడలేదులే. నేను కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, నా మూతి నీకు కనపడదు. మూతి కనపడకపోతే నీకు మాట అందదు. నువ్వు చచ్చినా ఒప్పుకోవుగానీ, అదీ సంగతి. నాకూ ఇక్కణ్ణుంచి నీ చెప్పులే కనిపిస్తున్నాయి. మంచిదే. నీ మొహం చూసి చెప్పలేనివి నీ చెప్పులకైతే చెప్పొచ్చు.

అసలు ఆ నర్సమ్మ ఏం చెప్పింది? బండి వదిలి వెళ్తూ ఏమంది? "మూడో గేరు నిలవట్లేదమ్మా, దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, లివర్ దానంతటదే ఎగిరి న్యూట్రల్‌లో పడుతోంది" అంది. అంతే కదా? మోత అందా? ఊళ అందా? లేదే!

"సాయంత్రానికి ఇచ్చెయ్యండి, గుట్ట అవతల ఒక ముసలాయనకి రోజూ ఇంజెక్షన్ వెయ్యాలి, నేను పోకపోతే ఆయన్ని చూసే దిక్కు లేదు" అని కూడా అంది. అది విన్నావో లేదో! తలైతే ఊపావు. ఈ మధ్య అన్నిటికీ తల ఊపుతున్నావు నువ్వు. నిన్న అమ్మ "చారులో ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా" అని అడిగితే దానికీ ఊపావు.

గేరు జారిపోతుంటే ముందు ఎక్కడ చూడాలి? నేర్పింది నువ్వే కదా? "ముందు బయట చూడు, తర్వాత కింద చూడు, ఆఖరికి లోపల చూడు. పొట్ట కొయ్యడం చివరి వైద్యం" అనేవాడివి. అలాగే చూశాను. లివర్ పట్టుకుని ఊపాను, వదులు లేదు. దాని కింద రాడ్డూ, బుష్‌లూ బాగానే ఉన్నాయి. ఇక్కడ, సరిగ్గా నా ముక్కు మీద, గేర్‌బాక్స్‌ని మోసే రబ్బరు మౌంటింగ్ ఉందే, అదే పోయింది. అడ్డంగా చీలింది, ఎండిన పెదవిలాగ. వేలు పెడితే లోపలికి దిగుతోంది.

ఇంకేం కావాలి? కాలు తీసినప్పుడల్లా గేర్‌బాక్స్ మొత్తం ముందుకి తూలుతోంది. ఆ తూలుడికి రాడ్డు లాక్కుంటోంది, గేరు ఊడొస్తోంది. కొత్త రబ్బరు వేస్తే భోజనాల వేళకి బండి బయట ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఎందుకు చెప్పు?

కానీ నువ్వు వింటేనా! "రబ్బరు సంగతి తర్వాత, లోపల బేరింగు ఊళ వేస్తోంది, విప్పాల్సిందే" అంటావు. విప్పితే? ఇంత పాత బండికి ఆయిల్ కారకుండా వేసే సీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాం? పట్నం పోవాలి, వెతకాలి, దొరక్కపోతే ఎదురుచూడాలి. అంతవరకూ ఆ ముసలాయన చెయ్యి చాపుకుని కూర్చుంటాడా? "పాత గేర్‌బాక్స్ పాత కాపురం లాంటిది, కదపనంతకాలం నడుస్తుంది." ఎవరి మాట ఇది? నీదే!

ఆఁ? ఏంటి, వంగావు? ఏం లేదు నాన్నా! రబ్బరు! ర-బ్బ-రు చూస్తున్నా! అదేంటి, ఆ డబ్బా ఎందుకు తెచ్చావు? కిరసనాయిలా? గేర్ల పళ్ళు కడగడానికా? ఇంకా విప్పనే లేదు, అప్పుడే స్నానానికి నీళ్ళు కాచేశావా! అక్కడ పెట్టు. అక్కడ... ఆఁ, అక్కడే. కూర్చో. వస్తున్నా.

హమ్మయ్య. మళ్ళీ చెప్పులే.

నవ్వుతూ మాట్లాడానా? నువ్వు వంగి చూసేసరికి మొహానికి నవ్వు తగిలించుకోవడం అలవాటైపోయింది నాన్నా నాకు.

నిన్ను చెవి మేస్త్రి అని ఊరికే అనలేదు జనం. బండి సందు మలుపు తిరుగుతుండగానే నువ్వు కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి, "రెండో గేరులో పన్ను విరిగింది" అనేవాడివి. విప్పితే ట్రేలో ఆ పన్ను తేలేది. లారీలవాళ్ళు పందేలు కాసేవాళ్ళు నీ చెవి మీద. పొడుగు స్క్రూడ్రైవర్ కొన గేర్‌బాక్స్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి పెట్టుకుని, "ఇలా రా, విను. ఇది మంచి బేరింగు, తుమ్మెదలా పాడుతుంది. ఇది చెడ్డది, ఊళ వేస్తుంది" అని నా చెవికి పెట్టేవాడివి. నేను బళ్ళో పాఠాల కన్నా ముందు అదే నేర్చుకున్నాను.

వైద్యుడి కథ గుర్తుందా? స్పానర్లు తుడుస్తూ చెప్పేవాడివి. ఒక వైద్యుడు ఎవరి చెయ్యి పట్టుకున్నా "నాడి పరుగెడుతోంది, జ్వరం" అంటాడు. పెళ్ళికొడుక్కీ జ్వరమే, పహిల్వానుకీ జ్వరమే. ఊరంతా చేదు మందు తాగి ముడుచుకు పడుకుంది. అప్పుడొక ముసలమ్మ గరిటె కాడకి గుడ్డ చుట్టి, దుప్పటి కప్పి, "మా కోడలు లేవడం లేదయ్యా, కాస్త చెయ్యి చూడు" అంది. ఆయన బొటనవేలు ఆనించి చూసి, "అయ్యో, దీనికీ జ్వరమే" అన్నాడు! బొటనవేలికి దాని నాడి దానికుంటుందిగా. "మరి జ్వరం ఎవరికి తల్లీ?" అని నన్ను అడిగేవాడివి. "వైద్యుడికి నాన్నా!" అని నేను ఎగిరి చెప్పేదాన్ని. పొట్ట పట్టుకు నవ్వేవాడివి నువ్వు.

ఎందుకు గుర్తొచ్చిందో ఈ కథ ఇవాళ. ఎందుకో ఏంటి, నాకు తెలుసు.

అమ్మకి చెప్పాను, నాన్నకి చెవులు సరిగా పనిచెయ్యట్లేదేమోనే అని. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట వినపడింది లేదు, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది" అంది. నవ్వాలా, ఏడవాలా? జీవితమంతా సుత్తి దెబ్బలు, గ్రైండర్ గోల. ఇనుమే అరిగిపోతుంది, చెవి అరగదా?

మాట వినపడకపోవడం ఒక్కటే అయితే నాకింత బెంగ లేదు. కొలిమి దగ్గర పనిచేసినవాడికి చెయ్యి కాలడం వింతా? కానీ నీకు లేనిది వినపడుతోంది నాన్నా. అదీ నా బాధ.

ఫోటో స్టూడియో ఆయన బండి గుర్తుందా? క్లచ్ గట్టిగా ఉందని తెచ్చాడు, పాపం. నువ్వు కళ్ళు మూసుకుని "బేరింగు ఊళ వేస్తోంది" అన్నావు. నాకు ఏమీ వినపడలేదు. నా చెవే మొద్దేమో అనుకున్నా. విప్పాం. లోపల అద్దంలా ఉంది. పళ్ళు ఒక్కటీ అరగలేదు. బేరింగు లాగి వేలి మీద తిప్పితే తుమ్మెదలా పాడింది. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావు. తిరిగొచ్చి నా చేతిలోకి చూస్తావు కదా. అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను చూడలేననిపించింది.

అంతకుముందు పాలవ్యాన్‌లోంచి తీసిన చెడ్డ బేరింగు పాతసామాను బుట్టలో ఉంది. అదీ ఇదీ ఒకే కంపెనీ, ఒకే సైజు. అదే తెచ్చి నీ చేతిలో పెట్టాను. నువ్వు తిప్పావు. గరగరమంది. నీ మొహం ఎంత వెలిగిపోయిందో! "చూశావా! చెవంటే ఇదీ" అన్నావు. ఆయనకి కూడా చూపించావు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాడు.

తర్వాత డ్రైవింగ్ స్కూల్ ఆవిడ బండి. అదీ అదే కంపెనీ. అదే ఊళ అన్నావు, అదే బేరింగు చూపించాను. ఆ బండి ఇప్పటికీ రివర్స్ పడనని మొరాయిస్తోందట. ఆవిడ మన గుమ్మం తొక్కడం మానేసింది. బజార్లో ఏమంటున్నారో తెలుసా? "అక్కడికి టైరులో గాలికి పోయినా గేర్‌బాక్స్ విప్పి పంపుతారు" అంటున్నారు. నీకు వినపడదు కాబట్టి బతికిపోయావు. నాకు బాగానే వినపడుతోంది.

ఇదిగో, నా జేబులోనే ఉంది ఆ బేరింగు. కానీ నర్సమ్మ బండి వేరే కంపెనీ నాన్నా. ఇది దానికి సరిపోదు. ఇవాళ విప్పితే లోపల ఏముందో నువ్వు నీ కళ్ళతోనే చూస్తావు. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయినా పొద్దున ఇంకా ఒక ఆశ మిగిలింది నాకు. ఏమో, ఈసారి నిజంగానే ఉందేమో! బేరింగు పోతే క్లచ్ తొక్కినప్పుడు ఊళ ఆగాలి, వదిలితే మళ్ళీ రావాలి. నువ్వు బానెట్ పక్కన కళ్ళు మూసుకు నిలబడ్డావు. నేను సీట్లో కూర్చున్నా. తొక్కితే "ఉంది" అన్నావు. వదిలితే "ఉంది" అన్నావు. పక్క పిండిమిల్లు అదురుకి నేలంతా వణుకుతోంది. నాకేం బుద్ధి పుట్టిందో, ఇంజన్ ఆపేశాను. ఆపేసి నిన్నే చూస్తున్నా.

నువ్వు చెయ్యెత్తావు. "ఆఁ, అదీ! ఇప్పుడు తేటగా వినపడుతోంది" అన్నావు.

గరిటెకీ జ్వరమే నాన్నా.

నేనేం చేశానో తెలుసా? నువ్వు కళ్ళు తెరిచేలోపు మళ్ళీ స్టార్ట్ చేశాను. దొంగలాగ. అప్పుడే చెప్పి ఉంటే ఈ ట్రే, ఈ డబ్బా, ఈ గోలంతా ఉండేదా?

ఏయ్, ఏయ్! ఆ స్పానర్ ఎందుకు? బోల్టు ముట్టుకోకు! ఆగు, జరుగు, బయటికి వస్తున్నా. జరుగు నాన్నా, నా జుట్టు తొక్కుతున్నావు!

ఆఁ. ఇప్పుడు నా మొహం చూడు. మూతి చూడు. ఆ స్పానర్ ఇటివ్వు. ఇస్తావా ఇవ్వవా? ఇవ్వు. నీతో పోట్లాట కాదు, ఒక్క పరీక్ష. ఒక్కటే. తర్వాత నువ్వు విప్పమంటే నేనే విప్పుతా, ఒట్టు.

రా, డ్రైవర్ సీట్లో కూర్చో. తల జాగ్రత్త. కళ్ళు మూసుకో, నీ పద్ధతి ప్రకారమే. వినపడుతోందా ఊళ? వినపడుతోందా? సరే. క్లచ్ తొక్కు. అడుగు దాకా తొక్కు. తగ్గిందా? తగ్గలేదు. వదులు.

ఇప్పుడు చెయ్యి ఇలా తే. లివర్ మీద పెట్టు. గట్టిగా పట్టుకో. ఇంత వయసు బండి, ఇంజన్ ఆడుతుంటే లివర్ ఎలా వణకాలి? చేతికి ఏమైనా తెలుస్తోందా?

నన్ను చూస్తావేం? తాళం చూడు. తాళం ఎక్కడుందో చూడు నాన్నా. అక్కడ లేదు. అదిగో, గోడకి మేకు మీద. ఇందాక నేను కిందికి దూరకముందే తగిలించాను.

మిల్లు కూడా ఆగిపోయింది. భోజనాలకి పోయారు. నాకేమీ వినపడట్లేదు. ఒక్క చప్పుడు లేదు.

ఏంటి? గట్టిగా చెప్పు. గొంతు దించకు.

ఫోటో స్టూడియో బండా? ఆఁ, విప్పాం. ఆఁ, బేరింగు పోయిందని నేనే చూపించాను. నీ చెవి తప్పయితే అదెలా పోయిందంటావా?

ఇదిగో. తీసుకో. తిప్పు. గరగరమంటోంది కదూ? గుర్తుపట్టావా? ఇది పాలవ్యాన్‌ది నాన్నా. ఫోటో స్టూడియో ఆయనదీ ఇదే. డ్రైవింగ్ స్కూల్ ఆవిడదీ ఇదే. అన్నిటికీ ఇదే. నేనే. నా మూతి చూడు, తప్పించుకోకు. నే-నే చూపించాను. నువ్వు నవ్వావని చూపించాను.

తిట్టు. కొట్టినా సరే.

ఊఁ... వెనక్కి ఇవ్వక్కర్లేదు, నీ దగ్గరే ఉంచుకో.

లే నాన్నా. లే. రబ్బరు మార్చాలి, నర్సమ్మ వస్తుంది. నేను బోల్టు తిప్పుతుంటే నువ్వు జాకీతో గేర్‌బాక్స్ ఎత్తి పట్టాలి, నా ఒక్కదాని వల్ల కాదు. నీ చేతులకేం రోగం? బాగానే ఉన్నాయి.

ఏంటి? ఇప్పుడూ చెవిలో మోగుతోందా?

తెలుసు నాన్నా. రాత్రి నువ్వు పడుకున్నప్పుడూ మోగుతుంది, అన్నం తింటున్నప్పుడూ మోగుతుంది. దాన్ని విప్పే స్పానర్ మన షెడ్డులో లేదు.