సెంటర్ టేబుల్‌లో టీసీ

శనివారం పొద్దున పదిన్నరకి ఢిల్లీ ద్వారక ఫ్లాట్లో ఉన్నవాళ్ళు: సునంద పిన్ని, నిరంజన్ బాబాయి, వాళ్ళమ్మాయి తేజశ్రీ, ఊరి నుంచి వచ్చి నెలన్నర అయిన నేను. తెలుగు సంఘం మహిళా విభాగం వాళ్ళ "తక్కువ ఖర్చులో అందమైన ఇల్లు" పోటీకి మార్కులు వేయడానికి పదకొండింటికి లీలావతి గారు రావాలి.

"నీ టీసీ అందులో ఉందా? ఎందులో?"

"పెట్టెలో పిన్నీ."

"ఏ పెట్టె?"

"నా రేకు పెట్టె."

"సుభద్రా, ఈ ఇంట్లో రేకు పెట్టెలు లేవమ్మా. సెంటర్ టేబుల్ ఉంది."

"ఆ సెంటర్ టేబుల్లోనే పిన్నీ. అడుగున, పేపరు కింద. టీసీ, మార్కుల మెమో రెండూ ఉన్నాయి."

"అయితే భద్రంగానే ఉన్నాయిగా. ఇంకేం."

"ఇవాళే ఆఖరు రోజు. స్కూలు ఆఫీసు పన్నెండింటికి మూసేస్తారట. ఒరిజినల్ టీసీ ఇస్తేనే పదకొండో తరగతిలో చేర్చుకుంటారు."

"చూద్దాం. లీలావతి గారు వచ్చి వెళ్ళాక చూద్దాం."

"ఆవిడ పదకొండింటికి వస్తారన్నావుగా."

"అందుకే వచ్చి వెళ్ళాక అన్నాను. ఆ చీపురు అక్కడ పెట్టకు. అది ఊడ్చే చీపురు. చూపించే చీపురు బాల్కనీ తలుపు పక్కన ఉంది, రిబ్బను కట్టి."

"మమ్మీ, ఆ పెట్టె ఓపెన్ చేసేస్తే అయిపోతుంది కదా. దో మినట్ కా కామ్ హై."

"తేజూ, నీకు తెలీదు, నువ్వూరుకో. మూత చుట్టూ బొంత ముక్కలు అంటించాను. గొళ్ళెం మీద కూడా అంటించాను. దానిమీద రెండు పూతలు వార్నిష్. తెరవాలంటే కొయ్యాలి."

"తో కాట్ దో నా."

"కోస్తారమ్మా. దాన్ని ఐదు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. మీ నాన్న ఐదు రాత్రులు ఉక్కలో పడుకున్నారు."

"అందుకు నేనే సాక్షిని సునందా."

"మిమ్మల్నెవరూ అడగలేదు. ఆ కుర్చీలో కూర్చోకండి."

"మరి సోఫాలో?"

"దిండ్లు నలుగుతాయి."

"ఈ ఇంటి ఈఎంఐ కట్టేది నేనే కదా అని గుర్తు చేస్తే బాగుండదేమో."

"బాగుండదు. నిలబడండి. ఒక్క గంట నిలబడితే ఏం పోయింది, మెట్రోలో రోజూ నిలబడట్లేదా."

"పిన్నీ, ఆ బొంత అమ్మ పంపింది. ఢిల్లీలో చలి ఎక్కువట కదా, కప్పుకోమని."

"మీ అమ్మ పంపింది కానీ, కుట్టిందెవరు? మా అమ్మ. ఆ చీరలెవరివి? మా అమ్మవి. నాకూ భాగం ఉంది దాంట్లో. అయినా ఇది జూలై. చలి వచ్చినప్పుడు చూద్దాం."

"చలి వస్తే సుభా టేబుల్ కప్పుకుంటుందా మమ్మీ?"

"నీకు ఫోన్ ఎందుకు కొనిచ్చాం తేజూ? అది చూసుకో. సుభద్రా, ఆ చేట కొంచెం ఎడమకి జరుపమ్మా. ఇంకొంచెం. ముగ్గు వేసిన వైపు కనబడాలి. ఆఁ. చెంబులో నీళ్ళు మార్చావా?"

"మార్చాను."

"అసలు ముందే చెప్పొచ్చు కదా నువ్వు, పెట్టెలో టీసీ ఉందని. నోరు లేదా?"

"చెప్పాను పిన్నీ. ఆదివారం నేను కూరలు తెచ్చేసరికి సగం అంటించేశావు. అప్పుడే చెప్పాను."

"నాకు వినబడలేదు."

"ఎదురుగా నిలబడి చెప్పాను. నువ్వు వీడియో తీసుకుంటున్నావు. మధ్యలో మాట్లాడకు, నీ గొంతు పడుతుంది అన్నావు."

"హాఁ హాఁ, నా దగ్గర ఉంది ఆ వీడియో. మమ్మీ జిగురు రాస్తూ ఉంటుంది, వెనకాల 'పిన్నీ, పిన్నీ' అని వస్తుంది. మ్యూజిక్ పెట్టి కవర్ చేశాను."

"వీడియో అయ్యాక చెప్పాలి మరి."

"అయ్యాక కూడా చెప్పాను. ఆరాక చూద్దాం అన్నావు. ఆరాక చెప్తే వార్నిష్ అయ్యాక అన్నావు."

"నేనన్నాను, నువ్వు విన్నావు. ఇంత బుద్ధిమంతురాలివి ఇవాళ పొద్దున్నుంచి ఏమిటమ్మా ఈ గొడవ?"

"ఇవాళే ఆఖరు రోజు కాబట్టి."

"మళ్ళీ అదే మాట."

"ఆ టీసీ మీద జిల్లా ఆఫీసు సంతకం ఉంది పిన్నీ. వేరే రాష్ట్రంలో చేరాలంటే అది కావాలట. అమ్మ ఎండలో రెండు బస్సులు మారి వెళ్ళి చేయించుకొచ్చింది."

"మీ అమ్మకి చిన్నప్పట్నుంచీ బస్సులంటే సరదా. ఆ దీపం మీద బుట్ట వంకరగా ఉంది చూడు. మీ ఊళ్ళో దీన్ని దేనికి వాడేవాళ్ళు?"

"కోడిపిల్లల్ని మూసి ఉంచడానికి."

"ఆ మాట లీలావతి గారి ముందు అనకు. హ్యాండ్ క్రాఫ్ట్ అను. అసలు నువ్వేం అనకు."

"వెయిట్, వెయిట్. బుట్ట సుభాదే. చేట సుభాదే. చెంబు సుభాదే. కర్టెన్ సుభా ఓణీ. టేబుల్ సుభా పెట్టె. తన లగేజ్ మొత్తం హాల్లో ఉంది, తనేమో స్టోర్‌లో ఉంది. క్యా బాత్ హై."

"స్టోర్ ఏమిటే? గెస్ట్ రూమ్ అను."

"గెస్ట్ రూమ్‌లో ఆటా పిండి డబ్బాలుంటాయా మమ్మీ?"

"మన గెస్ట్ రూమ్‌లో ఉంటాయి."

"కిటికీ కూడా లేదు."

"అందుకే చలికాలం వెచ్చగా ఉంటుంది. బొంత కూడా అక్కర్లేదు."

"బాబాయ్."

"ఊఁ? నన్నా?"

"ఇవాళ స్కూటర్ మీద స్కూలుకి తీసుకెళ్తానన్నారు."

"అన్నానమ్మా. అన్నట్టే గుర్తు."

"ఎన్నింటికి బయల్దేరదాం?"

"అది మీ పిన్నిని అడుగు."

"పిన్ని మిమ్మల్ని అడగమంది."

"చూశావా, మా ఇద్దరిదీ ఒకటే మాట. సునందా, బంతిపూలు తెమ్మన్నావు కదూ?"

"నిన్న తెమ్మన్నాను."

"అదే, నిన్నటివి ఇవాళ తెస్తాను. మార్కెట్ దాకా వెళ్ళొస్తా."

"బాబాయ్, స్కూటర్ తీసుకెళ్తున్నారా?"

"ఇదిగో, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తానమ్మా. పూలవాడు దగ్గరే."

"దగ్గరైతే నడిచి..."

"వెళ్ళనీ సుభద్రా, ఆయన బయట ఉంటేనే ఇల్లు విశాలంగా కనబడుతుంది. ఆ టేబుల్ మీది గాజు పలక మళ్ళీ ఒకసారి తుడువు. వేలిముద్రలు."

"నావే పిన్నీ అవి. మూత ఎక్కడైనా వదులుగా ఉందేమోనని పొద్దున చూశాను."

"ఉందా?"

"లేదు. బాగా అంటించావు."

"మమ్మీ, రేఖా దీదీ ఎప్పుడొస్తుంది? పొద్దున్నుంచీ తుడవడం, కడగడం అంతా సుభానే చేస్తోంది."

"రేఖ వాళ్ళ ఊరెళ్ళింది."

"నిన్న లిఫ్టులో కనబడింది. నాలుగో ఫ్లోర్ వాళ్ళింటికి వెళ్తోంది."

"ఊరెళ్ళి వచ్చింది."

"మరి మన ఇంటికి?"

"వస్తుంది. పోటీ అయ్యాక చూద్దాం."

"నీ దగ్గర అన్నీ అయ్యాకే ఉన్నాయి మమ్మీ."

"పిన్నీ, నేనొక మాట చెప్పనా. మూత వెనక వైపు కోస్తాను. గోడ వైపు. ఒక్క జానెడు. చెయ్యి పట్టినంత. ఎవరికీ కనబడదు. బ్లేడు తెచ్చుకున్నాను."

"బ్లేడా? ఎక్కడిది?"

"పెన్సిళ్ళు చెక్కుకునేది."

"ఇలా ఇవ్వు. ఇవ్వమంటున్నానా. ఆవిడ పెన్సిల్ పట్టుకుని ప్రతి వస్తువూ వెనక్కి తిప్పి చూస్తుందట. జనక్‌పురి వాళ్ళింట్లో ఫొటో ఫ్రేము వెనక ధర చీటీ చూసి రెండు మార్కులు కోసేసింది. మొదటి బహుమతి వాళ్ళ ఇల్లు పత్రికలో వేస్తారు సుభద్రా. ఈ ఊరొచ్చి పదహారేళ్ళయింది, మీ బాబాయి పేరు ఆఫీసు వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు, నా పేరు ఆఫీసు వాళ్ళకి కూడా తెలీదు. ఒక్కరోజు ఓపిక పట్టలేవా?"

"నాకూ ఒక్క రోజే ఉంది పిన్నీ."

"మమ్మీ, బెల్."

"వచ్చేసింది. తేజూ, కాళ్ళు కిందపెట్టు. సుభద్రా, నువ్వు టీ పెట్టి గెస్ట్ రూమ్‌లో కూర్చో. కప్పులు కాదు, మట్టివి, మట్టివి. రండి రండి లీలావతి గారూ. మయూర్ విహార్ నుంచి మెట్రోలోనే వచ్చారా?"

"మెట్రోలోనే. గంట పట్టింది. అబ్బ, ఎంత చల్లగా ఉందమ్మా నీ ఇల్లు. కూర్చోవచ్చా?"

"అదేం మాట. సోఫాలో కూర్చోండి, హాయిగా ఆనుకోండి."

"ఆంటీ, ఈ వారంలో ఆ సోఫాలో కూర్చున్న ఫస్ట్ పర్సన్ మీరే."

"మా తేజశ్రీ అండీ. సరదాగా మాట్లాడుతుంది."

"మంచిదే. ఈ చేట ఎక్కడిది సునందా? ఇంత పాతది ఇక్కడ దొరకదే."

"కొన్నది కాదండీ. ఇంట్లో ఉన్నదే. ఊరికే పడి ఉంటే ముగ్గు వేసి గోడకి పెట్టాను."

"చెంబు?"

"అదీ పడి ఉన్నదే."

"కర్టెన్ మాత్రం కొన్నావు. ఒప్పుకో."

"పాత ఓణీ అండీ. ఎవరూ వాడట్లేదు."

"ఎవరూ అంటే, లాస్ట్ సండే దాకా సుభా వాడింది ఆంటీ."

"తేజూ, ఆంటీకి మంచినీళ్ళు తీసుకురా."

"ఉండనీ, టీ వచ్చిందిగా. ఎవరీ అమ్మాయి?"

"మా అక్క కూతురండీ, సుభద్ర. అక్కడ పెట్టమ్మా. టేబుల్ మీద కాదు, స్టూలు మీద. ఇక లోపల కూర్చో."

"నువ్వేనా. నీ గురించి చదివానమ్మా. చాలా నెమ్మదస్తురాలివట. సునందా, ఈ టేబుల్ చూస్తే చెయ్యి తియ్యబుద్ధి కావట్లేదు. పాత చీరల రంగు ఎంత బాగా వచ్చింది. కింద ఏమిటి, చెక్కా?"

"పాత ట్రంకు పెట్టె అండీ."

"ఎంత తెలివి. మరి లోపల సామాను పెట్టుకోవచ్చుగా. ఏమైనా పెట్టావా?"

"ఏమీ లేదండీ. ఖాళీ పెట్టె."

"ఖాళీ కాదండీ."

"సుభద్రా, లోపల కూర్చోమన్నానా."

"అందులో నా టీసీ ఉందండీ. మార్కుల మెమో కూడా ఉంది. పన్నెండింటికి స్కూలు ఆఫీసు మూసేస్తారు. ఇప్పుడు పదకొండూ ఇరవై. మీరు ఒక్కసారి కొయ్యమని చెప్తే పిన్ని వింటుంది. మార్కులు తగ్గించకండి. మళ్ళీ నేనే అంటిస్తాను."

"వావ్. సుభా, ఇంత పెద్ద సెంటెన్స్ మాట్లాడావా నువ్వు?"

"టీసీ ఎందుకమ్మా ఇప్పుడు? నువ్వు ఈ ఏడాది చదవట్లేదుగా."

"చదువుతున్నానండీ. అందుకే వచ్చాను."

"అదేమిటి. సునందా, నువ్వే కదా ఫారంలో రాశావు. ఉండు, నా దగ్గరే ఉంది. ఇదిగో, మూడో ప్రశ్న. ఖర్చు ఎలా తగ్గించారు?"

"లీలావతి గారూ, టీ చల్లారిపోతోంది. అవన్నీ ఇప్పుడెందుకు."

"చల్లారనీ. ఇంతమందిలో నాకు బాగా నచ్చిన జవాబే ఇది. విను. 'మా అక్క కూతురు ఊరి నుంచి వస్తోంది. ఈ ఏడాదంతా ఇంట్లోనే ఉండి పని చూసుకుంటుంది. అందుకని పనమ్మాయిని మానిపించాను. ఆ జీతం డబ్బులతోనే మొక్కలు, దీపాలు, గాజు పలక కొంటాను.' అసలు మొదటి మార్కు దీనికే వేశాను."

"పిన్నీ."

"ఊరికే రాశానమ్మా. పోటీ కోసం రాసేవన్నీ నిజాలవుతాయా? నువ్వు లోపలికి వెళ్ళు."

"ఈ ఫారం ఎప్పుడిచ్చిందండీ మీకు?"

"తారీకు వేసే ఉందమ్మా. మే ఇరవై."

"మే ఇరవైకి నేనింకా ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ ఇంకా సంతకం కోసం తిరుగుతోంది."

"సుభద్రా, తర్వాత మాట్లాడదాం. పోటీ అయ్యాక."

"పెట్టె పోయిన ఆదివారం అంటించావు పిన్నీ. నన్ను కూరలకి పంపించి అంటించావు."

"మమ్మీ, ఇది నిజమేనా? సచ్ హై క్యా?"

"తేజూ, నువ్వు లేవకు. తలుపు నేనే వేస్తాను. లోపలికి జరుగు సుభద్రా. చెయ్యి తియ్యి, తలుపు సందులో నలుగుతుంది."

"ఆ గదేమిటి సునందా? అది చూపించనే లేదు."

"అది స్టోర్ అండీ. అందులో ఏమీ లేదు."