ఫోనుకి చెప్పిన అబద్ధం

రంజాన్ నెల. కైరోలో మా వంటింట్లో అమ్మ ఆయాసపడుతూ ఇఫ్తార్‌కి పప్పు సూపు కలుపుతోంది. అక్క చేతిలో అమ్మ ఫోను ఉంది.

"మందు తీసుకున్నానని రోజూ యాప్‌లో నొక్కావు. మరి ఈ ఇన్‌హేలర్ సీలు కూడా విప్పలేదేం?"

"పగలు పీలిస్తే ఉపవాసం పోతుందే."

"అబద్ధం చెబితే పోదా?"

"ఫోనుకి చెప్పింది కూడా అబద్ధమేనా?"

"ఫోనుకి కాదమ్మా, నాకు! ఆ పచ్చ టిక్కులు నమ్మి నేను నిశ్చింతగా ఉన్నా. ఈ మందు పనిచేయట్లేదనుకుని డాక్టరు ఇంకా ఘాటుది రాశాడు."

"అరవకే, పక్కింటివాళ్లు వింటారు."

"విననీ! నీ పిల్లికూతలు రోజూ వింటూనే ఉన్నారుగా."

ఉపవాసం విడిచే వేళయింది, మసీదులో అజాన్ మొదలైంది. అమ్మ ఖర్జూరం అందుకోబోయింది.

"అది తర్వాత. ముందు ఇది పీల్చు."

"నువ్వలా గుడ్లురిమి చూస్తుంటేనా?"

"ఆ, చూస్తూనే ఉంటా. టిక్కు కూడా నేనే పెడతా."