ముప్పై ఒక్క ఖాళీ గడులు

కాదమ్మా, ఆసుపత్రిలో మనిషిని చూడ్డానికొచ్చినట్టు ఈ పళ్ళేంటి? పదకొండేళ్ళు మొహం చాటేసి ఇవాళ పళ్ళు పట్టుకొస్తే, కోపం పోయిందనుకోవాలా? సర్లే, కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతోంది. ఆ థీసిస్‌లన్నీ కింద పడేసి ఇందులో కూర్చో.

నువ్వు రాసి పంపిన కాగితం చదివాను, రెండుసార్లు చదివాను. కంపెనీలు కలిస్తే పోటీ బతుకుతుందా చస్తుందా అని తేల్చే కమిషన్లో ఇప్పుడు నువ్వు ఆఫీసరువి. ఆ డయాలసిస్ కంపెనీ మిగిలిన ఒక్క పోటీదారునీ కొనేస్తానంటోంది. వాళ్ళ లాయరేమో నా పాత వ్యాసం పట్టుకుని ఊపుతున్నాడు. అందులో లెక్క పొరపాటని నేను సంతకం పెడితే దాన్ని ఆపొచ్చని నీ ఆశ. అంతేగా?

క్లాసులో నేనేం చెప్పేవాణ్ణి, గుర్తుందా? ముందు మార్కెట్ ఎంతవరకో గీత గియ్యమనేవాణ్ణి. గీత చిన్నగా గీస్తే కంపెనీ కొండంత కనిపిస్తుంది, పెద్దగా గీస్తే అదే కంపెనీ ఆవగింజంత. నా వెనకాల గీతల మాస్టారు అనుకునేవాళ్ళు మీరంతా. నాకు లోపల ముచ్చటగానే ఉండేది.

మరి ఆ వ్యాసంలో మనం చేసిందేంటి? ఓ చిన్న పట్నంలో డయాలసిస్ సెంటర్ మూసేశారు. అక్కడి రోగులు ఆర్నెల్ల తర్వాత ఎక్కడికెళ్తున్నారో జాబితా తెప్పించాం. రెండు వందల మంది అరవై కిలోమీటర్ల అవతలికి, వారానికి మూడుసార్లు, బస్సుల్లో పడి వెళ్తున్నారు. నేను ఎగిరి గంతేశాను. జనం అరవై కిలోమీటర్లు వెళ్తున్నారు కాబట్టి మార్కెట్ అరవై కిలోమీటర్లు అన్నాను. అంత పెద్ద గీతలో, అప్పట్లో కలుస్తామన్న రెండు డయాలసిస్ కంపెనీలు ఒకటైనా ఎవరికీ నష్టం లేదని రాశాను. ఇష్టపడి వెళ్ళడానికీ గతిలేక వెళ్ళడానికీ తేడా తెలీనంత అమాయకుణ్ణా నేను?

నువ్వు పట్టేశావు. ఆ జాబితాలో ముప్పై ఒక్క పేర్ల ఎదురుగా గడి ఖాళీగా ఉంటే, పెన్సిల్‌తో సున్నాలు చుట్టి తెచ్చావు. సార్, వీళ్ళు ఏ సెంటర్లోనూ లేరు, మరి ఏమైనట్టు అన్నావు. వివరాలు దొరకలేదు, తీసెయ్ అన్నాను. నువ్వు తియ్యనన్నావు. నేను తీశాను. వ్యాసం మీంచి నీ పేరు కూడా తీశాను. తర్వాత నీ ఉద్యోగం కోసం ఎవరో నీ గురించి నన్నడిగితే, కష్టపడుతుంది గానీ చెప్పిన మాట వినదు అని రాశాను. తల దించుకోకు, దించుకోవాల్సింది నేను.

ఆ వ్యాసంతోనే నేను ప్రొఫెసర్నయ్యాను. ఆ కంపెనీలు కలిసిన ఏడాదికి ఇంకో తొమ్మిది సెంటర్లు మూతపడ్డాయి. ఎందుకు మూయరు? ఎంత దూరమైనా జనం వస్తారని మాస్టారే రాసిచ్చాడుగా.

ఇప్పుడు నువ్వు పొరపాటని రాయమంటున్నావు. నా పరువు పోకుండా ఆ మాట నువ్వే వెతికి పెట్టావు. మంచిదానివి. కానీ అది అబద్ధం తల్లీ.

నువ్వు విసురుగా వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, ఈ బల్ల దగ్గరే కూర్చుని ఆ ముప్పై ఒక్క ఇళ్ళకీ నేనే ఫోన్ చేశాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఏడు ఫోన్లు ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు ఊరు మారి చుట్టాల దగ్గరుంటున్నారు. మిగతా ఇరవై రెండు ఇళ్ళలో ఆ మనిషి ఇక లేడు. ఒకామె చెప్పింది, వాళ్ళాయన నెల రోజులు బస్సులో వెళ్ళొచ్చాడట, తర్వాత మెట్టెక్కలేక మానేశాడట, పదో రోజున పోయాడట. అంతా చెప్పి, "మీరు సెంటర్ వాళ్ళా బాబూ? మళ్ళీ తెరుస్తున్నారా? మా పక్కింటాయనకి కూడా కావాలి" అంది.

రాంగ్ నంబరండీ, అన్నాను.

నిజం. అదే అన్నాను. ఫోన్ పెట్టేసి, అన్నం తిని, మూడింటికల్లా వ్యాసం పంపించేశాను. అన్నం సహించలేదని చెప్తే బావుండేది గానీ, బాగానే తిన్నాను. పొరపాటంటే వాళ్ళ లాయరు సర్దేస్తాడు. ఇది రాసుకో, సంతకం పెడతాను.