హోయా కాడలు

అమలాపురంలో, తొంభై ఎనిమిది ఎండాకాలం, వరండాలో పెంచుకుంటున్న హోయా తీగని కుండీతో సహా ఎత్తి మొగుడి నెత్తిమీద బద్దలుకొట్టిందామె.

“నన్నే కొట్టేవా! నెత్తురు కారుతోందే!”

“ఆయ్, కారుతోందండి.”

“పన్నెండేళ్ళలో ఒక్కనాడూ ఎదురుమాటాడలేదు. నాలుగు ఎండుపుల్లలు కత్తిరించినందుకా ఇదంతా?”

“ఎండుపుల్లలు కావండి. పూలు రాలినా ఆ కాడలు ఉంచాలి, మళ్ళీ వాటికే పూస్తుందని పొద్దున్నే మీకు చెప్పేను. ఏరి ఏరి అవే కత్తిరించేరు.”

“కూర చప్పగా ఉంటే ఒళ్ళు మండదా?”

“దానికి నన్ను కొట్టేరు కదండీ. అదయ్యేకే కదా కత్తెర తీసేరు.”

“నిన్ను కొట్టినప్పుడల్లా ఊరుకున్నావు!”

“నా దెబ్బలు మానిపోయేవండి. కడియం నర్సరీ నించి తెచ్చి ఆరేళ్ళు పెంచితే మొన్న పూసిందది, మైనంతో చేసినట్టు.”

“కళ్ళు తిరుగుతున్నాయే. ఆ తడిగుడ్డ ఇలా తే, కట్టు కట్టు.”

ఆమె పెంకుల మధ్యనించి తీగని తీసి, దాని వేళ్ళ చుట్టూ ఆ గుడ్డ చుట్టింది.

“మీరు ఆగండి. ముందు దీని వేళ్ళు ఆరిపోకూడదు.”