చీటీల గుమాస్తా ఎడమ కన్ను

ఆసుపత్రిలో మధ్యాహ్నం చీటీల కిటికీలు మూసేశాక, మూడో కిటికీ గుమాస్తాని మేనేజరు తన గదికి పిలిపించాడు. గుమాస్తాకి యాభై దగ్గర పడ్డాయి. పదకొండేళ్ళుగా ఆ కిటికీ వెనకే కూర్చుని, వచ్చిన రోగులకి చీటీలు రాస్తున్నాడు. మేనేజరు చేతిలో ఒక ఫిర్యాదు కాగితం ఉంది.

"కాదు కాదు, నువ్వు చేశావా లేదా, ముందు అది చెప్పు."

"ఏం చెయ్యడం సార్?"

"ఇప్పుడే చదివాను కదయ్యా. మళ్ళీ చదవనా?"

"చదివారు సార్. వినపడింది. అర్థమే కాలేదు."

"ఇందులో అర్థం కానిదేముంది? 'చీటీ కోసం వెళ్ళిన ప్రతిసారీ నాకేసి చూసి కన్ను కొడుతున్నాడు. మూతి పక్కకి లాగి నవ్వుతున్నాడు. నాలుగు వారాలుగా చూస్తున్నాను. పక్కన మా నాన్న ఉన్నా మానడం లేదు.' కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు."

"నేనా సార్?"

"మూడో కిటికీ అని రాసింది. నాకు తెలియకుండా ఆ కిటికీలో ఇంకెవరన్నా కూర్చుంటున్నారా?"

"లేదు సార్. నేనే."

"మరి?"

"సార్, నాకు కన్ను కొట్టడం రాదు."

"రాదా?"

"చిన్నప్పుడు కూడా రాలేదు సార్. ఒకటి మూస్తే రెండోదీ మూసుకునేది. అందరూ నవ్వేవాళ్ళు."

"ఇదిగో, ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"ఇప్పుడయ్యా, ఈ క్షణాన. నాకే కొట్టావు."

"మీకా సార్?"

"నాకే. ఇదిగో మళ్ళీ. ఏంటిది, వేళాకోళమా?"

"సార్, అది... అదా. అది బయటికి కనపడుతోందా సార్?"

"సగం మొహం పక్కకి వెళ్ళి వస్తుంటే కనపడదా?"

"లోపల తెలుస్తుంది సార్. కంటి కింద ఈగ వాలినట్టు ఉంటుంది. తుడుచుకుంటే ఏమీ ఉండదు. తర్వాత రెప్ప టపటపా కొట్టుకుంటుంది. ఆ తర్వాత చెంప... ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు. అంతా లోలోపలే అనుకున్నాను."

"ఎప్పటి నుంచి?"

"వానలు మొదలైనప్పుడు. కాదు, అంతకు ముందే. కళ్ళజోడు మార్చిన నెల. ఎనిమిది నెలలైంది సార్."

"ఎనిమిది నెలలా? ఇంట్లో వాళ్ళు చెప్పలేదా?"

"ఇంటివాళ్ళు కింద ఉంటారు సార్."

"కింద ఏంటి?"

"వాళ్ళది కింది వాటా. నాది పై గది. మెట్లు బయట నుంచి."

"అద్దె ఇంటివాళ్ళ సంగతి కాదయ్యా. నీ వాళ్ళు."

"ఉన్నారు సార్. అక్క ఉంది."

"ఆవిడ చూడలేదా?"

"ఆవిడ వేరే ఊళ్ళో ఉంటుంది సార్. రెండు నెలలకోసారి ఫోన్ చేస్తుంది. వంట చేసుకుంటూ మాట్లాడుతుంది. తొందరలో ఉంటుంది."

"పోనీ, అద్దంలో చూసుకోవా? గడ్డం గీసుకుంటావుగా."

"అద్దం పగిలింది సార్. కింది ముక్క మిగిలింది. గడ్డానికి సరిపోతుంది, ముక్కు పైకి కనపడదు. చెంప వేలితో లాగి పట్టుకుంటాను కదా, అది కదిలినా నేనే లాగాననుకునేవాణ్ణి."

"కొత్త అద్దం కొనుక్కోవచ్చుగా."

"పైన చూసుకోవడానికి ఏముంది సార్."

"పక్క కిటికీలో కూర్చునే ఆవిడైనా?"

"మధ్యలో చెక్క అడ్డు ఉంది సార్."

"అదీ నిజమే. నువ్వు పదకొండేళ్ళుగా రోజూ పొద్దున నాకు నమస్కారం పెడతావు. నేనూ చూడలేదు."

"మీరు తల ఊపుతారు సార్. చెవి దగ్గర ఫోన్ ఉంటుంది."

"దెప్పుతున్నావా?"

"అయ్యో, లేదు సార్. ఉన్నమాటే."

"సరేలే. రోజుకి ఎన్ని చీటీలు రాస్తావు?"

"రెండొందలు సార్. సోమవారాలు రెండొందల యాభై."

"అంతమందికి రాసినవాడివి, నీకొకటి రాసుకుని పై అంతస్తుకి వెళ్ళలేకపోయావా? ఆసుపత్రిలో కూర్చుని ఎనిమిది నెలలు ఎవరికీ చూపించుకోలేదంటే నిన్నేమనాలి?"

"ఒకసారి రాసుకున్నాను సార్. పేరు, వయసు రాశాను. మూడో గడి 'వెంట వచ్చినవారు' అని ఉంటుంది. అక్కడ ఆగి, చింపేశాను."

"ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎవరడుగుతారయ్యా?"

"నేనే అడుగుతాను సార్ అందరినీ."

"ఆగు, నరాల డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. హలో, డాక్టరుగారూ, నేనే. ఒక్క మాట. మన చీటీల గుమాస్తా... కాదు, పొడుగాయన. ఆఁ, ఆయనే. ఎడమ కన్ను అదురుతోంది. చెంప కూడా. ఒక్క వైపే. ఎనిమిది నెలలట... ఆహాఁ... ప్రాణానికేం లేదుగా?... ఎన్నాళ్ళకోసారి?... పూర్తిగా పోతుందా మరి?... ఊఁ. ఊఁ. సరే, రేపు పంపిస్తాను."

"ఏమన్నారు సార్?"

"తల లోపల రక్తనాళమేదో నరానికి ఒరుసుకుంటూ ఉండొచ్చట. స్కాన్ తీసి చూడాలన్నారు. ప్రాణభయం లేదు. కంటి చుట్టూ సూదిమందు వేస్తారట, మూడు నాలుగు నెలలకోసారి. పని చేసినన్నాళ్ళు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. పూర్తిగా తగ్గుతుందని ఇప్పుడే చెప్పలేనన్నారు."

"సరే సార్."

"భయపడకు. ఫిర్యాదు రాసినావిడ బయటే కూర్చుంది, పిలుస్తాను."

"నేను వెళ్ళిపోతాను సార్."

"నువ్వెక్కడికి? నీ ముందే తేలాలి."

మేనేజరు గంట నొక్కాడు. ఫిర్యాదు రాసిన ఆమె లోపలికి వచ్చి, కుర్చీని గుమాస్తాకి దూరంగా జరుపుకుని కూర్చుంది.

"నాన్నగారేరమ్మా?"

"కట్టు మార్చే గదిలో ఉన్నారు. పావుగంట పడుతుందన్నారు. తొందరగా తేల్చండి, ఆయన ఒక్కరూ ఉండలేరు."

"మీరు రాసింది..."

"రాసిందంతా నిజం. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. మొదటిసారి నేనే పొరపాటు పడ్డాననుకున్నాను. రెండోసారి చూశాను. మూడోసారి పక్క లైనులో నిలబడ్డాను. ఆ కిటికీ మూసేసి మళ్ళీ ఈయన దగ్గరికే పంపారు. 'పెద్దాయన కాలు ఎలా ఉందమ్మా' అంటాడు. అంటూనే కన్ను కొడతాడు. మా నాన్న కాలు తీసేస్తారేమోనని నేను చస్తుంటే, ఈయనకి నాతో సరసమా?"

"అమ్మా, నేను..."

"మీరు మాట్లాడకండి. నేను మేనేజరుగారితో చెప్తున్నాను."

"సరేనమ్మా."

"చూడండి మేనేజరుగారూ, మీ ముందే. మళ్ళీ. ఆగండి... ఈయన ఎటు చూస్తున్నాడు?"

"నేలకేసి."

"నేలకి కన్ను కొడతారా ఎవరైనా?"

"అదేనమ్మా నేను చెప్పబోయేది. అది జబ్బట. అతని చేతిలో లేదు. నేనూ ఇందాకే చూశాను, ముందు నాకే కొడుతున్నాడనుకున్నాను."

"జబ్బా... మీరేనండీ, ఇటు తిరగండి ఒకసారి. నాకేసి చూడండి. నొప్పిగా ఉంటుందా?"

"ఉండదమ్మా. అలసటగా ఉంటుంది. సాయంత్రానికి ఆ వైపు మొహం నాది కానట్టు ఉంటుంది. ఇంటికెళ్ళి అరచెయ్యి ఆనించుకుని కూర్చుంటాను. కాసేపు ఊరుకుంటుంది."

"ఎవరూ చెప్పలేదా మీకు?"

"మీరే చెప్పారమ్మా. కాగితం మీద."

"నాకోసారి రెండు రోజులు రెప్ప అదిరింది. మా బట్టల షాపులో గంట తిరక్కుండానే నలుగురు అడిగారు, ఏమైంది నీ కంటికి అని."

"నలుగురా?"

"పని ఆపి మరీ అడిగారు. అయ్యో, నేను ఏమేమో రాశాను. చాలా మాటలు రాశాను."

"తప్పేం రాయలేదమ్మా. మీకు అలాగే కనపడింది. ఎవరికైనా కోపం వస్తుంది."

"మరి మా నాన్న కాలు సంగతి ప్రతిసారీ ఎందుకడుగుతారు?"

"అందరినీ అడుగుతానమ్మా. ఏం బాధో చీటీలో రాయాలి కదా. కొందరు ఒక్క ముక్కలో చెప్తారు. కొందరు మొదటి నుంచి మొదలుపెడతారు. ఒక ముసలమ్మ ఉంది, మోకాలి నొప్పి చెప్పడానికి తన పెళ్ళి దగ్గర్నుంచి ఎత్తుకుంటుంది."

"లైను సాగడం లేదని నేను నిన్ను తిట్టింది అందుకేగా."

"అవును సార్. అయినా వింటే, మళ్ళీ వారం వచ్చినప్పుడు ఏమైందో తెలుసుకోవాలనిపిస్తుంది. మీ నాన్నగారు మొన్న మంగళవారం బొటనవేలు చురుక్కుమందన్నారమ్మా. ఇన్నాళ్ళూ అసలు స్పర్శే తెలిసేది కాదట."

"మా నాన్నా? మీతో అన్నారా?"

"మీరు సంచిలో పాత కాగితాలు వెతుకుతున్నారు. కిటికీ దగ్గరికి వంగి మెల్లగా చెప్పారు."

"నాతో అనలేదే."

"మళ్ళీ స్పర్శ తెలియకుండా పోతే మీరు దిగులు పడతారని చెప్పొద్దన్నారు. నోరు జారాను."

"లేదు. లేదు, మంచి మాటే చెప్పారు. మేనేజరుగారూ, ఆ కాగితం ఇటివ్వండి, చింపేస్తాను."

"చింపడానికి లేదమ్మా, రిజిస్టరులో ఎక్కి నంబరు పడిపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కింద రాసి సంతకం పెట్టండి. ఇది జబ్బు అని నేను రాసి పైకి పంపిస్తాను. అంతటితో సరి. ఎవరికీ మాట రాదు."

"పెన్నివ్వండి."

"సార్, జబ్బని రాస్తే..."

"రాస్తే నీకే మంచిది. రేపు డాక్టరుగారిని చూడు. ఎల్లుండి నుంచి రికార్డుల గదికి వెళ్ళు."

"రికార్డుల గదికా?"

"ఆ సీటు ఎటూ ఖాళీగా ఉంది. జనంతో పని లేదు. తలుపేసుకుని ఫైళ్ళు సర్దుకోవడమే. నిన్ను చూసేవాళ్ళూ ఉండరు, అపార్థం చేసుకునేవాళ్ళూ ఉండరు."

"తగ్గేదాకానా సార్?"

"తగ్గితే చూద్దాం. ఆయన గట్టిగా ఏమీ చెప్పలేదుగా."

"కిటికీ అద్దానికి ఒక కాగితం అంటిస్తే సార్?"

"ఏమని? ఈయన కన్ను కొట్టడు అనా?"

"జబ్బు అని సార్."

"ఎంతమంది చదువుతారు? ఈవిడ కాబట్టి ఫిర్యాదు రాసి ఊరుకుంది. రేపు ఎవరి మొగుడో వచ్చి కిటికీలోంచి నీ కాలరు పట్టుకుంటే? నీ మంచికే చెప్తున్నానయ్యా."

"తెలుసు సార్. నాలుగేళ్ళ కింద రికార్డులాయన సెలవు పెడితే మూడు నెలలు నేనే చూశాను."

"చూశావు. బాగానే చేశావు కూడా."

"పొద్దున వెళ్ళేవాణ్ణి, సాయంత్రం వచ్చేవాణ్ణి. ఇంటికెళ్తే అక్కడా అంతే. మూడో నెలలో ఒక రోజు బస్సులో ఒకాయన నన్ను టైమెంతైందని అడిగాడు. నోరు తెరిచాను సార్. గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గాను. ఈలోపు ఆయన వెనకాయన్ని అడిగేశాడు. దిగాక లెక్కేసుకుంటే, నేను మాట్లాడి నాలుగు రోజులైంది."

"అక్కడ టీ తాగడానికైనా బయటికి వచ్చేవాడివి కదయ్యా."

"వచ్చేవాణ్ణి సార్. టీ ఆయనకి నేను అడక్కుండానే తెలుసు. ఇచ్చేసేవాడు."

"ఊఁ."

"కిటికీ దగ్గర పేరేంటి, వయసెంత, ఏం బాధ. అంతే సార్ నేననేది. మిగతాదంతా వాళ్ళే చెప్తారు."

"మేనేజరుగారూ, వేరే దారి లేదా? ఇంకెక్కడన్నా, నలుగురూ ఉండే చోట?"

"ఇక్కడ నలుగురూ ఉండే చోటల్లా రోగులే ఉంటారమ్మా. జబ్బని నా సంతకంతో రాశాక మళ్ళీ జనం ముందు కూర్చోబెడితే, రేపు ఏదైనా అయితే నన్నడుగుతారు. నాకూ పైవాళ్ళున్నారు."

"సార్, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఇది జబ్బు కాదనుకోండి. నేను కావాలనే చేశాననుకోండి. అప్పుడేం చేస్తారు?"

"అదెందుకిప్పుడు?"

"ఊరికే సార్. తెలుసుకుందామని."

"మొదటిసారి కాబట్టి హెచ్చరిక. ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించాడని పేరుతో సహా నెల రోజులు నోటీసు బోర్డులో పెడతాం. ఈవిడకి క్షమాపణ రాసివ్వాలి. స్టాఫంతా చదువుతారు, ఆడవాళ్ళు ఎవరూ నీ మొహం చూడరు. ఇంకో ఫిర్యాదు వస్తే ఉద్యోగమే పోతుంది."

"సీటు?"

"సీటుకేముంది, సీటు అదే. మూడో కిటికీయే. ఏం ఆలోచిస్తున్నావు? అమ్మా, మీరు సంతకం పెట్టి వెళ్ళండి, నాన్నగారు ఎదురుచూస్తుంటారు."

"పెడుతున్నాను. ఇక్కడేనా?"

"వద్దమ్మా. పెన్ను పక్కన పెట్టెయ్యండి. సార్, మీరు రాసుకోండి. నాకు జబ్బూ లేదు, ఏమీ లేదు. కావాలనే కన్ను కొట్టాను."